ఇరవై రెండు అంగుళాల సీటు

ఊరందరినీ నిలబెట్టి కొలతలు తీసిన దర్జీకి అల్లుడి ముందు మాత్రం నోరెందుకు పెగలదో ఇప్పటికీ అంతుపట్టదు. హైబ్రిడ్ కారు కొనిపెడతానని అల్లుడు షోరూముకి తీసుకెళ్లిన రోజు, ఆయన అలవాటుగా మెడలోని టేపు తీసి ముందు సీటు ఎత్తు కొలిచాడు. పంతొమ్మిది అంగుళాలు. మోకాలి ఆపరేషనైన భార్య ఇరవై రెండుకి తక్కువ ఎత్తులో కూర్చుంటే మళ్లీ లేవలేదు.

"సీటు పైకి జరగదా అమ్మా?" అని సేల్స్ అమ్మాయిని అడిగాడు.

"టాప్ మోడల్లోనే జరుగుతుందండీ. దాంతోపాటు అద్దాల పైకప్పూ, తొమ్మిది స్పీకర్లూ తీసుకోవాలి."

"కారుకి జాకెట్టు కుడతారా ఏంటి మామయ్యా?" అల్లుడు నవ్వాడు. "మైలేజీ అన్నిట్లోనూ ఒకటే. కింది మోడల్ చాలు, ఏమంటారు?"

ఆయన ఎప్పట్లాగే తలూపాడు. భార్య మోకాలి మాట ఎత్తకుండా టేపు మళ్లీ మెడలో వేసుకున్నాడు. "మా అత్తయ్య కోసమే కొంటున్నా" అని అల్లుడు గర్వంగా చెబుతూ సంతకం చేస్తుంటే, ఆయన లేచి, ఎవరితోనూ చెప్పకుండా, ఆ సీటు మీదికి దిండు కుట్టడానికి మూడంగుళాల స్పాంజి కొనేందుకు బయటికి నడిచాడు.