గుట్టల్లో తప్పిపోయిన వియ్యపురాలు

మా అమ్మాయికి ఆరో నెల వచ్చేసరికి అల్లుడికి గుట్టలెక్కడానికి తోడు లేకుండా పోయింది. పెళ్లైన దగ్గర్నుంచీ ఆదివారం వస్తే చాలు, ఇద్దరూ తెల్లవారకముందే బూట్లు వేసుకుని రాచకొండ వైపు వెళ్లిపోయేవాళ్లు. ఇక ఎక్కొద్దని డాక్టరమ్మ చెప్పింది. ఒంటరిగా పోవద్దని మా అమ్మాయి అతనికి చెప్పింది. దాంతో అతను వాళ్లమ్మనూ నన్నూ రమ్మన్నాడు.

నాకు యాభై దాటాయి. దిల్‌సుఖ్‌నగర్‌లో మాది చీరల దుకాణం, మా మామగారు పోచంపల్లి నుంచి వచ్చి పెట్టింది. నేను నడిచేదంతా కౌంటరుకూ అలమారలకూ మధ్యనే. మా వియ్యపురాలు వనస్థలిపురంలో ఉంటుంది. గుంటూరు వైపు మనిషి. టీచరుగా చేసి రిటైరైంది, రోజూ పొద్దున్నే కాలనీ చుట్టూ నడుస్తుంది. మేమిద్దరం ఒకరినొకరం వదినా అనే పిలుచుకుంటాం గానీ, ఆ పిలుపులో మర్యాద తప్ప చనువు లేదు. ఆమె ఎదురుగా ఉంటే నేను ఊరికే కొంగు సర్దుకుంటూ ఉంటాను.

"నువ్వు గుట్టలెక్కుడేంది? మోకాళ్లు పట్టుకుంటే అల్లుడు మోస్కొస్తడా?" అన్నాడు మా ఆయన.

"అల్లుడు ఒక్కడే పోతె పిల్ల పరేషాన్ అయితది. నేనన్న పోతా," అన్నాను.

అన్నాను గానీ ఆ వారమంతా నాకు కుదురు లేదు. పాములుంటాయేమో, బండల మీద జారతానేమో. అన్నిటికంటే, వియ్యపురాలి ముందు చుడీదార్ వేసుకుని బూట్లతో నిలబడడం ఎట్లా? దుకాణంలో చీరలు మడతపెడుతూనే, గుట్ట మీద పడిపోయినట్టు ఊహించుకునేదాన్ని, నన్ను అల్లుడు లేపుతున్నట్టు ఊహించుకుని సిగ్గుపడేదాన్ని.

ఆదివారం పొద్దున ఎల్బీ నగర్ మెట్రో కింద నిలబడ్డాను. నల్గొండ, సూర్యాపేట బస్సులు జనాన్ని దించి పోతున్నాయి. అల్లుడి కారు ఆగగానే వదిన ముందు సీట్లోంచి దిగి నన్ను కూర్చోమంది. నేను వద్దన్నాను. ఆమె మళ్లీ కూర్చోమంది. వెనక ఆటోలు హారన్లు కొడుతుంటే అల్లుడు తల బయటపెట్టి, "ఎవరో ఒకరు కూర్చోండి, ఎండెక్కేస్తుంది," అన్నాడు. చివరికి ఇద్దరం వెనకే కూర్చున్నాం. ఆమె కూడా చుడీదారే వేసుకుంది. అది చూశాక కొంచెం ఊపిరి ఆడింది.

హయత్‌నగర్ దాటి హైవే మీద కొంతదూరం పోయి పక్క దారి పట్టాం. గుట్ట కింద కారు ఆపి అల్లుడు జాగ్రత్తలు చెప్పాడు. ఒకరినొకరు వదలొద్దు. ఎక్కేటప్పుడు మధ్యమధ్యలో వెనక్కి తిరిగి చూసుకోవాలి, ఎందుకంటే దిగేటప్పుడు అదే దారి వేరేలా కనిపిస్తుంది. తెచ్చుకున్నదేదీ పైన వదిలి రాకూడదు, అరటి తొక్కతో సహా.

"తొక్క మట్టిల కలిసిపోతది గదా?" అన్నాను.

"ఇక్కడి చెట్టుది కాదు కదా అత్తయ్యా. కోతులు దానికి అలవాటుపడితే రేపు వచ్చినవాళ్ల సంచులు లాక్కుంటాయి," అన్నాడు.

వానలు వెనకబట్టిన రోజులు. గడ్డి నడుం దాకా పెరిగి ఉంది. అల్లుడు ముందు కర్రతో తడుతూ నడిచాడు, అతని అడుగు పడిన చోటే నేను అడుగు వేశాను. కొంచెం పైకెక్కాక గడ్డి తగ్గి బండలు వచ్చాయి. బండల గుంతల్లో నీళ్లు నిలిచి, వాటిలో గోరంత తెల్లపూలు పూసి ఉన్నాయి. తంగేడు విరగబూసింది. నాకు ఇన్నేళ్లూ రంగులంటే అద్దకం రంగులే. ఆ పసుపు చూస్తూ భయం మరిచిపోయి నిలబడిపోయాను.

సగం దూరంలో నా మోకాళ్లు మొరాయించాయి. వెడల్పాటి బండ ఒకటి చూసుకుని కూలబడ్డాను. నాకు తోడుగా వదిన కూడా ఆగింది. "నువ్వు పైదాకా వెళ్లి రారా, మేమిద్దరం ఉన్నాంగా," అంది కొడుకుతో. అతను తటపటాయించాడు. నేనూ పొమ్మన్నాను. "ఈ బండ మీంచి కదలకండి," అని రెండుసార్లు చెప్పి పోయాడు.

కాసేపటికి వదిన లేచి, తన హ్యాండ్‌బ్యాగ్ నా పక్కన పెట్టి, "ఇప్పుడే వస్తా వదినగారూ," అంది మెల్లగా.

ఎందుకో అర్థమైంది. అడిగితే బాగుండదని మర్యాదగా ముఖం లోయ వైపు తిప్పుకున్నాను. ఆమె ఎటు పోయిందో అందుకే చూడలేదు.

కింద చెరువు మెరుస్తోంది. దాన్ని చూస్తూ కూర్చున్నాను. ఎంతకీ ఆమె రాలేదు. తొందరపెట్టినట్టు ఉంటుందని పిలవలేదు. ఇంకొంచెం సేపు చూసి, "వదినా," అన్నాను, వంటింట్లోంచి పిలిచినట్టు. జవాబు లేదు. లేచి నిలబడి గట్టిగా పిలిచాను. నా గొంతే బండలకు తగిలి నాలుగు వైపుల నుంచీ తిరిగొచ్చింది. ఫోన్ చేద్దామంటే ఆమె ఫోన్ నా పక్కనున్న బ్యాగులోనే ఉంది. అల్లుడికి చేద్దామంటే సిగ్నల్ లేదు.

ఆమెకు బీపీ ఉంది. కళ్లు తిరిగి పడిపోయిందా? పాము కరిచిందా? తల్లిని నాకు అప్పజెప్పి పోయిన కొడుక్కి ఏం చెప్పాలి? కడుపుతో ఉన్న నా బిడ్డకు ఏమని చెప్పాలి? వెతకడానికి పోతే అల్లుడు వచ్చి ఖాళీ బండ చూసి బెదిరిపోతాడు. పోకుండా కూర్చుంటే ఆమె ఎక్కడో పడి ఉంటే ఎట్లా?

చివరికి నా చున్నీ తీశాను. మా దుకాణంలోదే, ఎర్రటి ఇక్కత్. దాన్ని బండ మీద పరిచి నాలుగు మూలలా రాళ్లు పెట్టాను. అది కంటికి ఆనుతున్నంత దూరమే పోవాలని గట్టిగా అనుకున్నాను. ముందు ఎడమవైపు పోయాను. ముళ్లపొదలు తప్ప ఏమీ లేదు. తిరిగొచ్చి కుడివైపు పోయాను. అన్ని బండలూ ఒక్కలాగే ఉన్నాయి. నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి ఎరుపు కనబడుతోందా అని చూసుకున్నాను.

అప్పుడు వినిపించింది, చప్పట్లు. ముందు ఎవరో రాయి కొడుతున్నారనుకున్నాను. ఆగి ఆగి, వరసగా మూడేసి. క్లాసులో పిల్లల అల్లరి ఆపడానికి టీచర్లు కొట్టే చప్పట్లవి.

రెండు పెద్ద బండల మధ్య సందులో, నా ఛాతీ లోతున, వదిన కూర్చుని ఉంది. ఒక కాలు చాపుకుంది. ఒడిలో ప్లాస్టిక్ కవరు, దాని నిండా ఖాళీ నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు.

"గింత దూరం ఎందుకొచ్చినరు వదినా! నా పాణం పోయింది!" అని అరిచాను. ఆమె మీద నేను గొంతెత్తడం అదే మొదలు.

"ఎవరో తిని పారేసి పోయారండీ. ఒకటి తీస్తే దాని కింద ఇంకొకటి కనపడింది. అలా దిగుతూ వచ్చా, పాచి మీద కాలు జారింది. అరిచి అరిచి గొంతెండిపోయింది."

"పాము గిట్ల ఏమన్న ఉన్నదా ఆడ?"

"ఉంటే ఇంత తీరిగ్గా కూర్చుంటానా?"

కాలివేళ్లు కదపమన్నాను. కదిపింది, మూలిగింది. దిగి లేపుదామనిపించింది గానీ, నేనూ జారితే ఇద్దరం అక్కడే. వెంట తెచ్చుకున్న నా నీళ్ల సీసా మాత్రం ఆమెకు అందించాను. చున్నీ కూడా ఆమె కూడా కనబడే చోట నిలబడి మాట్లాడుతూనే ఉన్నాను. మాటలాపితే ఆమె సొమ్మసిల్లుతుందని భయం. ఆకాశం మబ్బు పట్టింది. ఆ బండల మీద చినుకు పడితే ఏమిటని మబ్బునీ ఆమెనీ మార్చి మార్చి చూశాను.

"అమ్మా! అత్తయ్యా!" అల్లుడి గొంతు.

"గిటు రాండ్రి! జర మెల్లగ రాండ్రి, జారుతది!"

చున్నీ చేత్తో పట్టుకుని వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ముందు వాళ్లమ్మను చూశాడు, ఆ తర్వాత నన్ను. సందు చుట్టూ తిరిగి కిందినుంచి దారి చూసుకుని, ఆమె చంకల కింద చేతులు వేసి మెల్లగా బయటికి తెచ్చాడు. చీలమండ అప్పటికే ఉబ్బింది. నా చున్నీతోనే గట్టిగా కట్టుకట్టాడు.

"కదలొద్దని చెప్పానా లేదా అమ్మా?" అన్నాడప్పుడు. ఆమె కొడుకు తల నిమిరింది.

దిగడం ఎక్కడానికంటే కష్టమైంది. ఏటవాలు బండల మీద ఆమె కూర్చునే జారుతూ దిగింది. మిగతా చోట్ల ఇద్దరం చెరో వైపు పట్టుకున్నాం. కవరు అక్కడే వదిలేయమన్నాడు కొడుకు. "దానికోసమే పడ్డాను, వదిలేస్తానా?" అంది. అందుకని దాన్ని నేను మోశాను. మబ్బు కురవకుండానే కదిలిపోయింది.

హైవే ఎక్కగానే నా ఫోన్ మోగింది. మా అమ్మాయి. ముగ్గురం ముఖముఖాలు చూసుకున్నాం. దాచడం చేతకాక ఉన్నదున్నట్టు చెప్పాను. "మీ అత్తమ్మ కాలు మడతపడ్డది బిడ్డా. మనిషి మంచిగనే ఉన్నది. ఎల్బీ నగర్ల దవాఖానకు తీస్కపోతున్నం."

అంతా విని, "నువ్వెట్లున్నవ్ అమ్మా?" అంది.

అంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. వదిన నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "మీ అమ్మ లేకపోతే నేనింకా ఆ సందులోనే ఉండేదాన్ని తల్లీ," అని చెప్పింది.

ఎక్స్‌రేలో ఎముక విరగలేదని తేలింది. పట్టీ వేసి, కొన్ని వారాలు కాలు కింద పెట్టొద్దన్నారు. ఆ వారాల్లో వీలైనప్పుడల్లా నేను దుకాణం నుంచి వనస్థలిపురం బస్సెక్కాను. ఆమె కాలు దిండు మీద పెట్టుకుని కూర్చుంటే పక్కన కూరగాయలు తరిగేదాన్ని. ఆమె పిలుపులోంచి 'గారూ' ఎప్పుడు జారిపోయిందో ఇద్దరమూ గమనించలేదు.

చలికాలంలో, మనవడు పుట్టాక, ముగ్గురం మళ్లీ పోయాం. ఈసారి పైదాకా ఎక్కాను. ఒకదాని వెనక ఒకటి గుట్టలు, వాటి మీద పలచటి మంచు, ఎక్కడా మనిషి చప్పుడు లేదు. అక్కడ కూర్చుని ముగ్గురం అటుకులు తిన్నాం. గాలి చల్లగా వీస్తుంటే కాసేపు నాకు భయం గుర్తే రాలేదు. దిగడానికి లేవగానే మళ్లీ వచ్చింది.