చెప్పకుండా బయటికొచ్చిన మధ్యాహ్నం

అన్నవరం సత్యనారాయణ స్వామి మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నా సంగతి తెలిసినవాళ్ళు ఒట్టు అనగానే నవ్వుతారు. నవ్వనివ్వండి.

తొంభైల చివర, ఇంటర్ అయిపోయిన వేసవి అది. ఎంట్రన్సులో నా ర్యాంకు నలుగురిలో చెప్పుకునేలా లేదు. పై రాష్ట్రంలో ఒక మెడికల్ కాలేజీ మాత్రం మార్కులతో పాటు ఇంకొకటి అడిగింది. కుర్రాడు ఒక డాక్టరు దగ్గర కొన్నాళ్ళు ఉండి పని చూశాడనీ, వైద్యానికి పనికొస్తాడనీ ఆ డాక్టరే రాసిచ్చిన ఉత్తరం కావాలట. అది లేకపోతే అప్లికేషన్ విప్పి కూడా చూడరట. అందుకని నిడదవోలులో ఒక పెద్ద డాక్టరు గారి గదిలో, మూలనున్న స్టూలు మీద వేసవంతా కూర్చున్నాను.

ఆయనంటే నాకు హడలు. రోగులే ఆయన్ని చూడగానే సగం జబ్బు దాచేసుకునేవారు. ఆయన తలెత్తితే గదిలో దగ్గులు ఆగిపోయేవి. అలాంటి మనిషిని నోరు తెరిచి ఉత్తరం అడగాలి. రోజూ అడుగుదామనుకోవడం, అడక్కుండానే ఇంటికి పోవడం. చివరికి మర్నాటి పోస్టులో పడకపోతే ఇక దండగే అన్న రోజు వచ్చింది.

ఆ మధ్యాహ్నం పక్క ఊరి నుంచి ఫోనొచ్చింది. ఓ పెద్ద రైతుకి ఆయాసం ఎక్కువైందట. "ఎక్కరా" అన్నారు డాక్టరు గారు స్కూటరు తీస్తూ. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాను. రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు అడిగేద్దామనుకున్నాను. గూడ్సు బండి వెళ్ళింది, గేటు లేచింది, నా నోరు మాత్రం లేవలేదు.

ఆ ఇంటి నిండా జనమే. పెద్దాయన లోపలి గదిలో దిండ్లకు ఆనుకుని, నోరు తెరుచుకుని గాలి పీలుస్తున్నారు. డాక్టరు గారు ఇంజక్షన్ చేసి, కాసేపు నాడి పట్టుకుని, "తగ్గుతుందండి" అని ఆయనతోనే చెప్పారు. తర్వాత నాతో, "బ్యాగు బండి దగ్గర పెట్టు, చేతులు కడుక్కొస్తాను" అంటూ పెరట్లోకి వెళ్ళారు.

నేను మనసులో "సార్, చిన్న మనవి" అన్న మాటను తిరగేసి మరగేసి కూర్చుకుంటూ, తల దించుకుని, హాల్లో అంతమంది మధ్య నుంచి నడిచి, ఎవరితోనూ ఒక్క ముక్క అనకుండా గడప దాటి చెప్పులేసుకున్నాను.

మా వైపు ఎవరింట్లోంచి కదిలినా "వెళ్ళొస్తానండి" అని చెప్పి మరీ కదలాలి. చెప్పకుండా వచ్చేసేది ఒక్క చావింటి నుంచే. ఇది పసిపిల్లలకీ తెలుసు. డాక్టరు గారి తాలూకు మనిషి, చేతిలో బ్యాగు, ముఖాన నెత్తురు చుక్క లేదు, చెప్పకుండా వెళ్ళిపోతున్నాడు. ఇంకేం కావాలి?

పెద్దకోడలు నా వైపు చూసింది, గది వైపు చూసింది, "మావయ్యగారూ" అంటూ కూలబడింది. దాంతో ఇల్లంతా అందుకుంది. రాజమండ్రిలో ఉన్న కూతురికి ఫోను చెయ్యమని ఎవరో కేక వేశారు. ఆ ఏడుపులకు నేనూ నమ్మేశాను. ఇంజక్షన్ వికటించిందనుకున్నాను. బ్యాగు వాటేసుకుని అక్కడే నిలబడిపోయాను.

డాక్టరు గారు తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. "ఎవరు పోయారండీ?"

"అదేంటండీ డాక్టరు గారూ, మీ కుర్రాడు చెప్పకుండా వెళ్ళిపోయాడు కదండీ" అంది పెద్దకోడలు వెక్కుతూ.

"పెద్దాయన బానే ఉన్నారమ్మా. వాడికే ఏదో అయింది."

నా దగ్గరికి వచ్చారు. గొంతు పెంచలేదు. అదే నన్ను మరీ భయపెట్టింది.

"ఏ లోకంలో ఉన్నావురా?"

"ఉత్తరం సార్."

"ఏం ఉత్తరం?"

"కాలేజీకండి. నేను డాక్టరుగా పనికొస్తానని మీరు రాసివ్వాలండి. రేపు పోస్టులో వెయ్యాలండి."

"ఇప్పుడడుగుతున్నావా?"

"వేసవంతా అడుగుదామనేనండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "లోపలికి పో. మంచం దాకా వెళ్ళి ఆ పెద్దాయనకి చెప్పి రా. అది చేతకాకపోతే ఉత్తరం సంగతి మర్చిపో."

మళ్ళీ చెప్పులు విడిచాను. అరుగు మీద ఒకాయన, "కాబోయే డాక్టరు గారు ఈయనేనాండీ? మా ఊళ్ళో మాత్రం బోర్డు పెట్టొద్దని చెప్పండి" అన్నాడు. కళ్ళొత్తుకుంటున్నవాళ్ళు కూడా నవ్వారు. గది గుమ్మం చేరేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయింది.

పెద్దాయన లేచి కూర్చుని, "చదవకముందే చంపేశావు, చదివితే ఊరుంచుతావా? అమ్మాయ్, వీడికి కాస్త కాఫీ ఇవ్వు, వణికిపోతున్నాడు" అన్నారు. కాఫీ తాగి, "వెళ్ళొస్తానండి తాతగారూ" అని చెప్పి వచ్చాను.

సాయంత్రం డాక్టరు గారు మందుల చీటీ రాసే కాగితం మీదే ఉత్తరం రాసిచ్చారు. అందులో ఏముందో చదివే ధైర్యం లేక, అలాగే కవర్లో పెట్టి అంటించేశాను. సీటు వచ్చింది.

స్వామికి జడిసి ఒకటి ఒప్పుకుంటున్నాను. పెద్దాయన లేచి కూర్చోలేదు. ఆ మాటలూ, ఆ కాఫీ నేను అల్లినవి. ఆ ఆయాసంలో ఆయనకు మాటెక్కడిది? తన కోసం ఇల్లంతా ఏడవడం మాత్రం పడుకునే విన్నారు. నేను దగ్గరికి వెళ్ళగానే నా ముంజేయి పట్టుకుని, వాళ్ళకు తెలిసినది నీకూ తెలుసా అన్నట్టు నా ముఖంలోకి చూశారు. డాక్టరు గారు తగ్గుతుందన్నారండి, అన్నాను. నమ్మినట్టు లేదు. వెళ్ళొస్తానన్న మాట నా నోట వచ్చేదాకా ఆయన నా చెయ్యి వదల్లేదు.