ఊ కొట్టేవాళ్లు

అప్పట్లో నాకు రాతపిచ్చి. తుంగభద్ర కాలువ కింద పొలం కొనుక్కుని కోస్తా నుంచి రాయచూరు జిల్లాకు వచ్చిన కొత్తలు. మాలాంటి వాళ్లు ఇళ్లు వేసుకున్న చోటును క్యాంపు అనేవాళ్లు. మా క్యాంపులో వారపత్రిక తెప్పించుకుని చదివే ఆడదాన్ని నేనొక్కదాన్నే. ఆ పొగరు తక్కువేం కాదు.

మా నాట్లకు తెలుగు మాట్లాడే పక్క ఊరి నుంచి కూలీలు వచ్చేవాళ్లు. వాళ్లతో ఒక అవ్వ వచ్చేది. నడుం వంగదు, నాటు వేయలేదు. అయినా ఆమెను గట్టు మీద నిలబెట్టాల్సిందే. ఆమె కథ చెబుతుంటే బురదలో వంగిన ఆడవాళ్లంతా "ఊ" అంటూ నాటుకుంటూ పోయేవాళ్లు. ఊ ఆగితే అవ్వ నోరూ ఆగేది. "ఊ కొట్టకుంటె ఎవలకు జెప్పాలె, కొంగలకా?" అని కసిరేది.

ఎన్ని కథలు చెప్పినా ఒకటి మాత్రం మళ్లీ మళ్లీ వచ్చేది. కాలువకు మొదటిసారి నీళ్లు వదిలిన ఏడు, బిందె పట్టుకుని పోయిన పిల్ల జారిపడిన కథ. ఆ ఊరివాళ్లు అంతదాకా బావి నీళ్లు తప్ప ఎరగరు. కాలువ లోతు ఎవరికి తెలుసు? అయినా పిల్ల ప్రతిసారీ బయటికి వచ్చేది. ఒకరోజు బర్రె తోక పట్టుకుని, ఒకరోజు కాలువ గేటు కాసే లస్కరు చాచిన కర్ర అందుకుని, ఇంకోరోజు బిందెనే బోర్లించి దాని మీద తేలుతూ.

ఆ పిల్ల అవ్వ కూతురేనని, బయటికి రాలేదని, మూడో రోజు తూము దగ్గర దొరికిందని కూలీలను తెచ్చే మేస్త్రీ నాకు చెప్పాడు. కూలీలందరికీ తెలుసు. తెలిసే ఊ కొట్టేవాళ్లు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఇదేం కథ, రోజుకో రకంగా? కథంటే ఒక ముగింపు ఉండొద్దూ?

తగుదునమ్మా అని కూర్చుని రాశాను. పిల్లను ముంచేశాను. అవ్వ నోట్లో ఆ పిల్లకు రోజుకో దారి ఉండేది, నా రాతలో తూము దాకా ఒక్కటే దారి. తర్వాతి పంట నాట్లనాటికి పత్రికలో అచ్చయింది. ఒక మధ్యాహ్నం కూలీలు సద్దులు తింటుంటే, గట్టు మీద అవ్వ నిలబడే చోటే నిలబడి మొత్తం చదివి వినిపించాను. ఒక్కరూ ఊ అనలేదు. నోరెళ్లబెట్టి విన్నారని మురిసిపోయాను. అవ్వ ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది.

మర్నాడు అవ్వ మళ్లీ అదే ఎత్తుకుంది.

"పిల్ల బర్రె తోక దొరకబట్టింది..."

ఊ రాలేదు.

"బర్రె తోక దొరకబట్టింది" అంది ఇంకోసారి, గొంతు పెంచి.

వరసలో ఒక పడుచు తల ఎత్తకుండానే అంది. "ఏడ దొరకబట్టింది అవ్వా, పుస్తకంల సచ్చిపాయె గద." పక్కనున్నది కిసుక్కున నవ్వింది.

అవ్వ గట్టు దిగింది. వంగని నడుం వంచి నారుకట్ట అందుకుంది. సాయంత్రానికి పాకుతూ గట్టెక్కింది. ఆమె నాటింది చూసి, రేపటి నుంచి రావద్దన్నాడు మేస్త్రీ. నేను అక్కడే ఉన్నాను.

ఊరికి పోయే ముందు అవ్వ మా ఇంటికి వచ్చింది.

"అమ్మా, ఆ పుస్తకం సూపియ్యి. నా పిల్ల ఏడుంది గిండ్ల?"

నా పిల్ల అనడం అదే మొదటిసారి. చివరి పేజీ తీసి ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించాను. నా వేలి పక్కన తన వేలు పెట్టింది.

"గిది జర మార్చి రాయి తల్లీ. బయటికొచ్చిందని రాయి. ఒక్కపారి."

"అచ్చయ్యాక మారదు అవ్వా. ఎంతమంది చదివేశారో! అయినా జరిగింది అదేగా?" అన్నాను. నన్ను చెప్పుతో కొట్టాలి.

"గట్లయితె ఇంగ ఎన్నడు రాదా?"

"రాదు" అన్నాను.

"ఊ" అంది అవ్వ.