మార్తమ్మ మేడం చదివించిన రెండో సగం

ఎండిన వేపాకు వాసన తగిలితే ఇప్పటికీ నేను సర్దుకుని కూర్చుంటాను. నిన్న క్లాసుకు వెళ్ళే ముందు బీరువాలోంచి ఒక పాత ఇంగ్లీషు నవల తీసి తెరిస్తే, పేజీల మధ్య నుంచి నాలుగు వేపాకులు ఒళ్ళో రాలాయి. పురుగు పట్టకుండా మార్తమ్మ మేడం పెట్టినవి. ఆమె పోయి రెండు వానాకాలాలు గడిచాయి. ఆకుల్ని దులిపేయడానికి చెయ్యి రాలేదు. ఏరి మళ్ళీ అదే పేజీలో పెట్టాను.

ఇబ్రహీంపట్నంలో డిగ్రీ చదివేటప్పుడు మేడం మాకు ఇంగ్లీషు చెప్పేవారు. కందుకూరు వైపు పల్లె ఆమెది. తాను చదువుకున్న బడినే తన తల్లి రోజూ ఊడ్చేదని దాపరికం లేకుండా చెప్పేవారు. పొట్టి మనిషి, నేత చీర, మోచేతి దాకా సుద్దపొడి. ఆమె క్లాసులో ఒక పద్ధతి ఉండేది. ఎవరినీ లేపి ఒంటరిగా చదవమనేవారు కాదు. మొదటి వాక్యం తాను అందుకుని, మన గొంతు కలిసేదాకా పక్కనే నిలబడేవారు. తెలుగు మీడియం నుంచి వచ్చిన మాకు ఇంగ్లీషు పేజీ చూస్తేనే చెమటలు పట్టేవి కాబట్టి ఆ పద్ధతి ప్రాణం నిలబెట్టేది.

ఆ ఏడాది మాకు ఈ నవల పాఠంగా ఉండేది. దిక్కులేని పిల్లవాడిని ఒక పెద్దాయన ఇంటికి తెస్తాడు. ఆ ఇంటి ఆడపిల్లా వాడూ గాలి కొట్టే గుట్టల మీద కలిసి తిరుగుతూ పెరుగుతారు. పెద్దాయన పోయాక కొడుకు వాడిని పనివాళ్ళలో కలిపేస్తాడు. ఆ అమ్మాయికి వాడంటే ప్రాణం, పెళ్ళి మాత్రం కలిగినవాళ్ళింటి అబ్బాయిని చేసుకుంటుంది. వాడు ఎటో పోయి, డబ్బుతో తిరిగొచ్చి, ఒక్కొక్కరి పనీ పడతాడు. మేడం ఇదంతా మన మాటల్లో చెబుతుంటే, వెనక బెంచీ నుంచి యాదగిరి లేచి అడిగాడు.

"మేడం, వాళ్ళు ఏ కులపోళ్ళు?"

క్లాసంతా గొల్లుమంది. మేడం నవ్వలేదు. "మంచిగ అడిగినవ్ రా. ఇంగ్లీషోళ్ళకు గూడ ఉంటది గది. పేరే వేరే."

మా చేతుల్లో నవల లేదు, గైడ్లున్నాయి. ప్రశ్నలన్నీ మొదటి సగం నుంచే వస్తాయని గైడు రాసినాయన కథను అక్కడికే తెంపేశాడు. హీరో మంచి కోటు వేసుకుని తిరిగొచ్చాడు, పగ తీర్చుకున్నాడు, అయిపోయింది. "గిది సగమే రా. మిగిలింది లైబ్రరీల ఉన్నది, పోయి చదువుండ్రి" అని మేడం మొత్తుకునేవారు. ఒక్కడంటే ఒక్కడు పోలేదు. నాకైతే ఆ సగమే చాలనిపించింది, ఎందుకంటే అది నా కథే అనుకున్నాను.

మా బాపు మా ఊరి పటేలు ఇంట్లో ఏడాది జీతానికి పనిచేసేవాడు. పటేలు కూతురు స్రవంతి, నేను వాళ్ళ పశువుల కొట్టం వెనక చింతకాయలు ఉప్పులో అద్దుకుని తింటూ పెరిగాం. కాలేజీకీ ఒకే బస్సులో వెళ్ళేవాళ్ళం. ఆమెను ప్రేమించాను. ఆమెకూ నేనంటే ఇష్టమేనని అనుకున్నాను, ఇప్పటికీ అలాగే అనుకుంటాను. ఒక సాయంత్రం ఆమె బస్సులో నోట్సు మరిచిపోతే, ఇద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. "గేటు కాన్నే ఉండు. బుక్కు గోడ మీద పెట్టి పో" అన్నాడు పటేలు. అది పెద్ద బాధ కాదు, ఆయన అందరితోనూ అంతే. మర్నాడు బస్సులో స్రవంతి పక్కన కూర్చున్న, వాళ్ళింటికి చుట్టంగా వచ్చిన పిల్ల, "నిన్న మీ ఇంటికొచ్చినాయన ఎవరే?" అని అడిగింది.

"గాయినా? మా జీతగాని కొడుకు" అని స్రవంతి నవ్వింది.

నేను రెండు సీట్ల వెనకే ఉన్నాను. ఆ పూట క్లాసులో చదవడం నా వంతు వచ్చింది. లేచాను గానీ అక్షరాలు కనిపించలేదు. మేడం నా మొహం చూసి బెంచీ పక్కకు వచ్చారు. వరుస మీద వేలు పెట్టి, "నాతోని పాటు చదువు" అని మొదలుపెట్టారు. పేజీ చివరిదాకా చదివాను. క్లాసయ్యాక అడిగితే జరిగింది చెప్పి, "ఒకరోజు గా హీరో లెక్క నేను గూడ చూపిస్త మేడం" అన్నాను.

"చూపియ్యి. కని ముందుగాల బుక్కు మొత్తం చదువు."

చదవలేదు. చదవకుండానే డిగ్రీ అయింది, ఎం.ఎ. అయింది, ఇబ్రహీంపట్నంలోనే ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లీషు లెక్చరర్‌నయ్యాను. అదే నవలను అదే గైడు పట్టుకుని పాఠం కూడా చెప్పాను. ఇది రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

చాలా ఏళ్ళకు నిఖిల అనే అమ్మాయి మా కాలేజీలో చేరింది. అప్లికేషన్లో తల్లి పేరు చూశాను. స్రవంతి కూతురు, అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకుంటోంది. తల్లి కళ్ళే. పాఠం మీద శ్రద్ధ ఉంది గానీ ఇంగ్లీషు చదవబోతే నోరు తిరగదు. మొదటి రోజు, "నిఖిలా, లే. చదువు" అన్నాను. తడబడింది, క్లాసు నవ్వింది, నేను ఆపలేదు. మర్నాడూ లేపాను. ఆ మర్నాడూ లేపాను. పిల్లకు అలవాటు కావాలి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. లోపల మాత్రం హాయిగా ఉండేది. ఆ హాయి సంగతి రాయకపోతే ఈ జ్ఞాపకం అబద్ధమవుతుంది. మూడు వారాలకు ఆమె రావడం మానేసింది. అడిగితే స్నేహితురాలు తల వంచుకుని చెప్పింది. "చదువు బంద్ జేస్తదంట సార్. ఇంట్ల గూడ చెప్పిందంట."

అప్పటికి మేడం రిటైరై బస్టాండు వెనక వీధిలో ఒక్కరే ఉండేవారు. చూపు బాగా తగ్గింది. ఆదివారం మధ్యాహ్నాలు వెళ్ళి పేపరు చదివి వినిపించేవాడిని. ఆ ఆదివారం పేపరు పక్కన పెట్టించి, వేపాకులున్న ఈ పుస్తకం నా చేతికిచ్చారు.

"రెండో సగం చదువు నర్సిమ్మా. చదివే ఉంటవ్ లే."

మొదటిసారి ఆ సగం తెరిచాను. ప్రేమించిన మనిషి చనిపోయినా హీరో పగ చల్లారలేదు. శత్రువు కొడుకును తన దగ్గరే ఉంచుకుని, చదువు రాకుండా పెంచుతున్నాడు. ఒకప్పుడు తనను ఎలా దించారో వాడినీ అలాగే దించుతున్నాడు. ఆ పిల్లవాడు కూడబలుక్కుని చదవబోతే ఎదుటివాళ్ళు నవ్వారు. అక్కడ ఆగాను.

"ఏం రా, ఆగినవ్?"

"గొంతు ఎండింది మేడం."

"నీళ్ళు తాగి చదువు."

తాగాను. చదవలేకపోయాను. నిఖిల సంగతి మొత్తం చెప్పేశాను. మేడం తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

"గా పిల్ల నీకేం జేసింది బిడ్డా?" అన్నారు. "బస్సుల గా మాట అన్ననాడు గామె పుట్టనన్న పుట్టలేదు కదరా. నిన్ను నేను ఒక్కన్ని నిలబెట్టి చదివించిన్నా ఏనాడన్న?"

మర్నాడు పటేలు ఇంటికి వెళ్ళాను. అదే గేటు, రంగు మారింది. నిఖిలే వచ్చి తీసింది. నన్ను చూడగానే మొహం పాలిపోయింది.

"తప్పు నాది బిడ్డా. నిన్ను కావాలనే లేపిన. మాఫ్ చెయ్యి" అన్నాను.

ఆమె గేటు గడియ పట్టుకుని అలాగే నిలబడింది. "మళ్ళ వస్తే మళ్ళ లేపుతరా సార్?"

"లేపుత. కని నేను గూడ నీతోని చదువుత."

రెండు రోజులు రాలేదు. మూడోరోజు వచ్చి చివరి బెంచీలో కూర్చుంది. పక్కకు వెళ్ళి, వరుస మీద వేలు పెట్టి మొదలుపెట్టాను. సన్నగా గొంతు కలిపింది. నాలుగు వాక్యాల తర్వాత నేను మెల్లగా ఆపేశాను. ఆమెకు తెలియలేదు, చదువుకుంటూ పోయింది. ఎవరూ నవ్వలేదు.

ఇప్పుడు నా క్లాసులో గైడు లేదు, ఒంటరిగా ఎవరూ చదవరు. నిఖిల గొంతు కలిపిన రోజు సాయంత్రం మేడంతో ఇదంతా చెప్పి, బస్సు సంగతి జరిగిన రోజున నా పక్కన ఎంతవరకు చదివారని అడిగాను. పేజీ చివరిదాకా నాతోనే ఉన్నారని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

"రెండు వరుసలే రా" అన్నారు మేడం. "మిగిలిందంత నువ్వే చదివినవ్."