మీసాలున్న తార్నాక పెద్దమ్మ

తార్నాక పెద్దమ్మకు మీసాలుండేవి. యూనివర్సిటీ లైబ్రరీలో అటెండరు పని, అసలు పేరు సామేలు. ఇంట్లో చాయ్ కూడా పెట్టుకోవడం రాని మనిషి. అయినా తొంభైతొమ్మిది ఎండాకాలంలో, ఇంటర్నెట్‌లోని ఒక వంటల ముచ్చట్ల గుంపులో ఆయన మాటే వేదవాక్కు.

ఆ గుంపులో మంచి సలహా చెప్పినవారికి తోటివాళ్లు చుక్కలిస్తారు. చుక్కలు పోగైతే మిక్సీ బహుమతి. సామేలు మొదట సొంత పేరుతోనే రాశాడు. "మగోళ్లు చెప్పిన తొక్కు ఎవరు పెడతరు?" అని నవ్వారు. దాంతో తార్నాక పెద్దమ్మ అని పేరు మార్చాడు. పొద్దున భార్య స్వర్ణను పచ్చళ్ల గురించి, వాటిలోకి వెల్లుల్లి ఎలా దంచాలో అడగడం, సాయంత్రం ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టడం. ఇన్నేళ్లకు మొగుడికి తన వంట మీద ధ్యాస పుట్టిందని స్వర్ణ మురిసిపోయింది.

మన నమ్మకాలు విచిత్రమైనవి. రైల్లో ఎదుటివాడి ఊరు, కులం, జీతం అన్నీ అడుగుతాం. సగం అబద్ధాలని తెలిసినా అతని డబ్బాలో పులిహోర తింటాం. కాజీపేట దాటేలోగా చుట్టరికం కూడా కలుపుకుంటాం. ఇంటర్నెట్ వచ్చినా బుద్ధి మారుతుందా?

ఒకరోజు పేరు చివర చిన్న గీత తగిలించుకుని ఇంకో తార్నాక పెద్దమ్మ దిగింది. "నేను ఆస్పత్రిల ఉన్న బిడ్డా, నీ చుక్కలు నా పేరు మీదికి పంపు, మిక్సీ వచ్చినంక నీకే ఇస్త" అని గుంపులోని నల్లకుంట వాసంతిని అడిగింది. కొత్తగా కాపురం పెట్టిన వాసంతి, రోట్లో నూరి నూరి చేతులు బొబ్బలెక్కి, ఆ మిక్సీ కోసమే చుక్కలు కూడబెడుతోంది. అయినా "రేపే పంపుత పెద్దమ్మా, పైలం" అని రాసేసింది.

"అది నేను కాదు!" అని మొత్తుకున్నాడు సామేలు.

"మరి నువ్వెవరు?" అంది వాసంతి.

దొంగపేరు పెట్టుకున్నవాడు తన పేరు దొంగిలించారని ఏ మొహంతో చెప్పాలి? ఊరుకుంటే పిల్ల మునుగుతుంది. చివరికి కొట్టాడు: "నేను సామేలును బిడ్డా. మగోణ్ణే. తొక్కు మా ఇంటామెది. ఆదివారం చర్చి నుంచి వచ్చినంక కలుపుతున్నం. ఇంటికి రా, గిన్నెల ముద్ద తిను. ఆ ఆస్పత్రామెను సుత తోల్కరా."

తొక్కు కలిపిన గిన్నెలో వేడన్నం వేసి, అంటుకున్న కారమంతా తుడిచి, వచ్చినవాళ్ల చేతుల్లో ముద్దలు పెట్టడం మన ఇళ్లల్లో ఆచారం. పేరైతే ఎవరైనా ఎత్తుకుపోతారు. గిన్నె ఎక్కణ్ణుంచి తెస్తారు? ఆ గీతున్న పెద్దమ్మను వాసంతి ఎంత పిలిచినా మళ్లీ పలకలేదు.

ఇక స్వర్ణకు చెప్పక తప్పలేదు. "అందుకా గిన్ని దినాలు ఎల్లిపాయ ముచ్చట! నా మీద ప్రేమ, పాయిరం అనుకున్న" అని ఆమె శనివారమంతా మూతి ముడుచుకుంది.

ఆదివారం వాసంతి వచ్చింది గానీ, చెప్పులు విప్పకుండా గడప బయటే నిలబడింది. స్వర్ణ అక్కడికే వెళ్లి చేతిలో ముద్ద పెట్టింది. తింటుంటే వాసంతి కళ్లలో నీళ్లు తిరిగాయి, కారానికే.

"ఎల్లిపాయ కచ్చాపచ్చాగ దంచింది, చెప్పినట్టే," అని చెప్పులు విప్పి లోపలికొచ్చింది. "ఎవరు కలిపిండ్రు?"

అలవాటుకొద్దీ సామేలు చెయ్యెత్తాడు.

"దించుండ్రి. ఆ చేతికి ఉప్పు సుత అంటలే," అంది స్వర్ణ.

వాసంతి నవ్వాపుకోలేక చెయ్యి చాపింది. "పెద్దమ్మా, ఇంకో ముద్ద!"

"ఆఁ బిడ్డా," అన్నారు ఇద్దరూ.