తుపాను కోసం ఆగిన వేరుశనగ చేను

మా చిన్నప్పుడు... రేడియోలో తుపాను హెచ్చరిక వినపడితే సముద్రం ఒడ్డున జనం మూటాముల్లె సర్దుకునేవాళ్లు. కదిరి పక్కన మా పల్లెలో మాత్రం మా నాయన ముఖం వెలిగిపోయేది! అక్కడ వాయుగుండం పడితేనే మాకు నాలుగు చినుకులు... మా బతుకులు అలా ఉండేవి మరి.

ఆ ఏడు వేరుశనగ ఊడలు దిగే వేళకే వాన మొహం చాటేసింది. కాయలు పిందెల్లోనే ఆగిపోయాయి. ఆకు మాత్రం ఇంకా పచ్చగా ఉంది, నేలలో కాస్త పదును ఉంది. ఇప్పుడే పీకేస్తే కాయ లేకపోయినా ఆకుతో సహా కట్టె దక్కుతుంది, ఎండాకాలం దాకా ఎద్దులకు అదే మేత అని అమ్మ పోరు పెట్టింది.

సరిగ్గా అప్పుడే రేడియో చెప్పింది... తుపాను వస్తోందని, తీరం వెంబడి ఊళ్లు ఖాళీ చేయిస్తున్నారని.

"ఇంగ రెండు దినాలు ఆగుదాంలే. వాన పడితే కాయ ఊరుతాది" అన్నాడు నాయన.

"మబ్బులో నీళ్లు చూసి ముంతలో నీళ్లు ఒలకబోసుకుంటామా? ముందు ఎద్దుల సంగతి చూడు" అని అమ్మ కసిరింది.

నాయన వినలేదు. మబ్బు కమ్మింది, చల్లగాలి వీచింది. అమ్మ కూడా మెత్తబడి పిడకలు తీసి లోపల పెట్టింది. మేం పిల్లలం కొట్టంలోకి పరుగెత్తి, మా ఎద్దులు మచ్చోడికీ కర్రోడికీ "రేపు వానరా!" అని చెప్పాం.

మర్నాడు తుపాను దారి మళ్లి ఒడిశా వైపు వెళ్లిపోయిందని రేడియోలో చెప్పారు. ముందే హెచ్చరించడం వల్ల అక్కడ జనం ప్రాణాలతో బయటపడ్డారట.

"పోనీలే, వాళ్లన్నా బతికినారు" అంటూ నాయన రేడియో కట్టేశాడు. మాకు ఒక్క చినుకు రాలలేదు.

ఆ తర్వాత ఎండ చంపేసింది. ఎర్రనేల బిగుసుకుపోయింది. మొక్క పట్టి లాగితే కొమ్మ తెగి చేతికొచ్చేది, ఆకంతా పొడిపొడిగా రాలిపోయేది. కాయా లేదు, కట్టే లేదు. చలి పోకముందే నాయన ఎద్దులను సంతకు తోలుకుపోయాడు. సాయంత్రం ఉత్త పలుపుతాళ్లు భుజాన వేసుకుని వచ్చాడు. అమ్మ వాటిని అందుకుని కొట్టంలో కొయ్యకు తగిలించింది. తిట్టి ఉంటే బాగుండేదేమో...

తుపానుకు రేవులో జెండా ఎగరేస్తారు, మైకులో చాటుతారు. మంచిదే, ప్రాణాలు నిలుస్తాయి. కరువు వస్తోందని మాత్రం మా ఊళ్లో ఎవరూ చాటలేదు. మళ్లీ మా కొట్టంలో ఎద్దులు కట్టలేదు.

ఇప్పుడు నేను విశాఖలో ఉంటున్నాను. అమ్మ పోయింది, చేను బీడుపడింది, నాయన నా దగ్గరే ఉన్నాడు. నిన్న ఇంట్లో ఫోన్లన్నీ ఒక్కసారిగా గీపెట్టాయి... తుపాను హెచ్చరిక! అపార్టుమెంటులో అందరూ పాలపాకెట్లకీ కొవ్వొత్తులకీ పరుగులు. నాయన బాల్కనీ తలుపు దగ్గర నిలబడి, మబ్బు చూస్తూ అడిగాడు.

"ఏమ్మా, ఇది మనూరి తట్టు వస్తాదా?"

"రాదు నాయనా... ఒడిశా తట్టు పోతాందంట."

"అట్లనా" అని మెల్లగా కుర్చీలో కూర్చున్నాడు. బయట అప్పటికే వాన కుండపోతగా కురుస్తోంది. అటు చూడనైనా లేదు.

మీలో కదిరి తట్టు వాళ్లెవరైనా ఉంటే... అక్కడ చినుకు పడిందా లేదా, ఒక్క ముక్క రాయండి. పొద్దుటి నుంచి అడుగుతూనే ఉన్నాడు.