పెళ్ళికారు ముఖం

మా తోడల్లుడు చెడ్డవాడైతే నాకింత బాధ ఉండేది కాదు. నాలుగు తిట్లు తిట్టుకుని ఊరుకునేవాణ్ణి. మర్యాదస్తుడు, నన్ను నోరారా ‘అన్నా’ అంటాడు. పైగా కొత్త కారు కొన్నాడు. నల్లగా, అందులో చూసుకుని తల దువ్వుకోవచ్చేమో అన్నంత నున్నగా ఉంటుంది. మిర్యాలగూడలో అత్తగారింటి ముందు దాన్ని ఆపితే వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. పక్కనే ఉన్న నా పాత కారుకు ఎండకు బోనెట్ రంగు లేచిపోయింది, ముందు జాలీ ఒక మూల విరిగింది.

మా చిన్న మరదలికి కోదాడ సంబంధం కుదిరింది. పెళ్ళి అక్కడే. పెళ్ళికూతుర్ని ఎవరి కారులో తీసుకెళ్ళాలన్న మాట రాగానే అందరి చూపులూ నల్ల కారు మీదికి పోయాయి.

మరదలే అడ్డం పడింది. "నేను పెద్దబావ కార్లనే పోత. డ్రైవింగ్ నేర్సుకున్నది అండ్లనే."

నా ఛాతీ ఉబ్బింది. కానీ సూర్యాపేటలో మా ఇంటికి తిరిగొస్తుంటే ఇంజన్ వేడి చూపే ముల్లు రోజూ కంటే కాస్త పైకి లేచినట్టనిపించింది. నీళ్ళ పంపు పాడైతే ఇంజన్ లోపల నీళ్ళు తిరగవు, బండి మరిగిపోతుంది. పెళ్ళికూతురితో నడిరోడ్డు మీద నేను, వెనకనుంచి నల్ల కారు. ఆ దృశ్యం కళ్ళముందు ఆడి అన్నం సహించలేదు.

మర్నాడు పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉండగానే రేడియేటర్ మూత తీశాను. నీళ్ళు తగ్గి ఉన్నాయి, నింపాను. మూత తెరిచే ఉంచి బండి స్టార్ట్ చేస్తే, వేడెక్కాక లోపల నీళ్ళు సుడి తిరిగాయి. పంపు కింద చుక్క కారలేదు, గరగర లేదు. ఇంజన్ ఆపి దాని చక్రం పట్టుకుని ఊపితే వదులు లేదు. అయినా మళ్ళీ ఊపాను.

గడపలో నిలబడి మా ఆవిడ నవ్వింది. "నీ పరేషాన్ పంపు గురించి కాదు. మా చెల్లె మొగని కారు గురించి."

నిజమే కదా.

పెళ్ళి రోజు మిర్యాలగూడలో పూలు కట్టే అతనితో చెప్పాను, "ముందర ఏం కనవడొద్దు. మొత్తం కప్పెయ్." బంతిపూల దుప్పటి కప్పినట్టు కప్పాడు. రంగు పోయిన బోనెట్, విరిగిన జాలీ, అన్నీ పూల కింద దాక్కున్నాయి. ముందు సీట్లో మా ఆవిడ, వెనక పెళ్ళికూతురు. మా వెనక నల్ల కారులో తోడల్లుడు, అత్తమ్మ, సారె గంపలు.

నేరేడుచర్ల దాటామో లేదో ముల్లు ఎగబాకింది. పక్కకు ఆపాను. మూత ముట్టుకోలేదు, మరిగే నీళ్ళు ముఖాన చిమ్ముతాయి. పంపు కింద తడి లేదు. గుడ్డ అడ్డం పెట్టి రేడియేటర్ పై పైపు తాకితే కాలింది, కింది పైపూ కాలింది. నీళ్ళు తిరుగుతున్నాయి. మరి ఏం రోగం?

తోడల్లుడు దిగి వచ్చాడు. "అన్నా, లేటయితది. మరదల్ని నా కార్ల ఎక్కిద్దామా?"

ఎద్దు పుండు కాకికి ముద్దు. ఒళ్ళు మండిపోయింది. అతని మాటలో వెటకారం ఉందేమోనని వెతికాను. లేదు. దాంతో ఇంకా మండింది.

ఇంతలో మరదలు పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని దిగింది. కారు ముందుకెళ్ళి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"బావా, ముక్కు మూసి ఉరుకుమంటే ఉరుకుతదా? గాలి యాడికెళ్ళి పోవాలె దీనికి?"

"ముఖం బాగలేదని మూసిన బిడ్డా. కోదాడోళ్ళు సూస్తరు కదా."

"సూడనీ," అంటూ మెహందీ చేతులతో జాలీ మీది పూలు పట్టి లాగేసింది. ఊడిన మూల నుంచి బోనెట్ మీది దుప్పటీ జారిపోయింది. జాలీ వెనకున్న రేడియేటర్‌కు గాలి ఆడి, కాసేపటికి ముల్లు కిందికి దిగింది.

కింద పడ్డ పూలను తోడల్లుడు ఏరాడు. "పారేసుడెందుకన్నా," అని తన బోనెట్ మీద పరిచాడు. జాలీకి మాత్రం అడ్డం రానివ్వలేదు. తెలివైనవాడు కూడా!

కోదాడలో ఫంక్షన్ హాలు ముందు బ్యాండు మోగింది. మగపెళ్ళివారు నా కారును దాటుకుని, పూలున్న నల్ల కారు చుట్టూ మూగారు. బుక్కా గులాల్ చల్లారు, ఫొటోలు తీశారు, తలుపు తెరిచారు. గంప పట్టుకుని అత్తమ్మ దిగింది.

"పెళ్ళికూతురేదండీ?" అన్నాడు బ్యాండు అతను.

నేను హారన్ గట్టిగా కొట్టాను. అందరూ వెనక్కి తిరిగారు. రంగు పోయిన నా కారులోంచి పెళ్ళికూతురు దిగింది.

ఆల్బం మొదటి పేజీ నిండా పూల కారే. చూసినప్పుడల్లా ఇప్పటికీ కడుపు మండుతుంది. రెండో పేజీలో మరదలుంది. వెనక నా కారు తలుపు ముక్క కనిపిస్తుంది, దాని మీద ఆమె చెయ్యి. తోడల్లుడు మా ఇంటికొస్తే ఆ ఆల్బం నేనే తీసి, రెండో పేజీ దగ్గర తెరిచి ఇస్తాను.